కిక్కిరిసిన కేరళ, అక్కడి మరణాల లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

కేరళలో మరణాల రేటు దేశ సగటుకన్నా ఎక్కువ. అక్కడి మనుషుల ఆయుర్దాయమూ దేశ సగటుకన్నా ఎక్కువే. రెండూ సర్కారు లెక్కలే, రెండూ నిజాలే. ఈ రెండింటినీ ఒకేచోట చూసినవాళ్లకు తికమక రావడం సహజం. కేరళ ఆరోగ్యం గురించి తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఎంతమంది పోయారు అన్నది ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. ఏ వయసులో పోయారు, దేనివల్ల పోయారు అని కూడా అడగాలి. ఈ పేజీ అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

కేరళ నిజంగా అంత ఇరుకైన రాష్ట్రమా?

అవును. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ చదరపు కిలోమీటరుకు 860 మంది ఉన్నారు. దేశ సగటు 382. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308. పెద్ద రాష్ట్రాల్లో బీహార్ (1,106), పశ్చిమ బెంగాల్ (1,028) తర్వాత కేరళే. తిరువనంతపురం జిల్లాలోనైతే చదరపు కిలోమీటరుకు 1,508 మంది. కొండలున్న ఇడుక్కిలో మాత్రం 255 మందే.

అయితే ఆ ఇరుకు మనకు అలవాటైన ఇరుకులాంటిది కాదు. మన దగ్గర ఊరంతా ఒకచోట గుంపుగా ఉంటుంది, చుట్టూ పొలాలుంటాయి. కేరళలో బస్సెక్కి గంటసేపు వెళ్లినా ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. చిన్న తోట, మధ్యలో ఇల్లు, పెరట్లో బావి, గోడ అవతల ఇంకో ఇల్లు. దీనివల్ల వైద్యానికి ఒక మేలు, నీళ్లకు ఒక కీడు జరిగాయి. రెండింటి సంగతీ కింద వస్తుంది.

జనం ఎక్కువుంటే రోగాలూ చావులూ ఎక్కువే ఉండాలి కదా?

అంటురోగం వస్తే త్వరగా పాకుతుంది, నిజమే. కానీ మరణాలు ఎక్కువా తక్కువా అన్నది ఇరుకును బట్టి తేలదు. 2020 లెక్కలు చూడండి. వెయ్యి మంది పసివాళ్లు పుడితే మొదటి పుట్టినరోజు లోపు చనిపోయినవాళ్లు కేరళలో 6, బీహార్‌లో 27, మధ్యప్రదేశ్‌లో 43. ఈ మూడింట్లో జనం పలచగా ఉన్నది మధ్యప్రదేశ్‌లోనే. చదరపు కిలోమీటరుకు 236 మంది. చావులు ఎక్కువ ఉన్నదీ అక్కడే.

జనం దగ్గరదగ్గరగా ఉంటే ఆస్పత్రి దగ్గరగా పెట్టొచ్చు. ఏఎన్‌ఎం ఒక్క పూటలో తిరిగే ఇళ్లు ఎక్కువవుతాయి. రాత్రి రెండు గంటలకు నొప్పులొచ్చినా ఆటో దొరుకుతుంది, ఆటోకి రోడ్డుంటుంది. విసిరేసినట్టుండే గూడేలకు ఇవన్నీ చేర్చడం ఎంత కష్టమో మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. కాబట్టి కేరళకు ఇరుకు ఒక రకంగా కలిసొచ్చింది. బీహార్‌కూ ఇరుకుంది, కానీ కలిసిరాలేదు. ఆ తేడా ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న.

మరణాల రేటు ఎక్కువ, ఆయుర్దాయం కూడా ఎక్కువ. ఇదెలా సాధ్యం?

ముందు అంకెలు. 2020లో వెయ్యి మంది జనాభాకు దేశంలో 6 మంది చనిపోతే కేరళలో 7 మంది చనిపోయారు. 2014-18 లెక్కల్లో సగటు ఆయుర్దాయం దేశానికి 69.4 ఏళ్లు, కేరళకు 75.3.

కిటుకంతా వయసులో ఉంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలే, లెక్క తెలియడానికి.

పదేసి వేల జనాభా ఉన్న రెండు ఊళ్లున్నాయనుకోండి. మొదటి ఊళ్లో అరవై లోపువాళ్లు 9,000 మంది, అరవై దాటినవాళ్లు 1,000 మంది. ఏడాదిలో అరవై లోపువాళ్లలో వెయ్యికి ముగ్గురు, అరవై దాటినవాళ్లలో వెయ్యికి 40 మంది పోతారు. అంటే 27, ఇంకో 40, మొత్తం 67. రేటు 6.7.

రెండో ఊళ్లో ముసలివాళ్లు ఎక్కువ. అరవై లోపు 8,000, అరవై దాటి 2,000. ఇక్కడ వైద్యం మెరుగు. చిన్నవాళ్లలో వెయ్యికి ఇద్దరే, పెద్దవాళ్లలో వెయ్యికి 35 మందే పోతారు. అంటే 16, ఇంకో 70, మొత్తం 86. రేటు 8.6.

ఏ వయసు తీసుకున్నా రెండో ఊరే నయం. అయినా మొత్తం రేటు చూస్తే ఆ ఊరే అధ్వాన్నంగా కనిపిస్తోంది. ఇప్పుడు రెండో ఊరి రేట్లను మొదటి ఊరి జనాభాకు వేయండి. 18, ఇంకో 35, మొత్తం 53. రేటు 5.3కి దిగింది. వయసు తేడా తీసేశాక అసలు బొమ్మ బయటపడింది. నిపుణులు వయసును సరిచేసి రేటు కట్టడం అంటే ఈ పనే, ఇంకాస్త ఎక్కువ వయసు వర్గాలతో.

కేరళ ఆ రెండో ఊరు. 2011లోనే అక్కడ అరవై దాటినవాళ్లు 12.6 శాతం, దేశంలో 8.6. 2021 నాటి అంచనాల్లో అది కేరళకు 16.5, దేశానికి 10.1. పిల్లలు తక్కువ పుడుతున్నారు, పుట్టినవాళ్లు బతుకుతున్నారు, పెద్దవాళ్లు ఇంకా పెద్దవాళ్లవుతున్నారు. అందుకే "కేరళలో చావులు ఎక్కువ" అన్న హెడ్డింగ్ కనిపిస్తే వెంటనే నమ్మకండి. అందులో వయసు మాట ఉందో లేదో చూడండి.

మరి ఏ అంకెను చూడాలి?

శిశు మరణాల రేటు చూడండి. వెయ్యి సజీవ జననాలకు ఏడాది లోపు ఎంతమంది పోయారన్నది. దీనికి ఊళ్లో ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారన్నదానితో పని లేదు. నీళ్లు, టీకాలు, తల్లి తిండి, కాన్పు దగ్గర నర్సు చేతి పని, అన్నీ ఈ ఒక్క అంకెలో బయటపడతాయి. 1971లో ఇది దేశంలో 129, కేరళలో 58. 2020లో దేశంలో 28, కేరళలో 6. అదే ఏడాది తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24.

తర్వాత మాతృ మరణాల నిష్పత్తి. లక్ష సజీవ జననాలకు గర్భంతో ఉండగానో, కాన్పులోనో, ఆ తర్వాత 42 రోజుల లోపో ఎంతమంది తల్లులు పోయారని. 2018-20లో దేశానికి 97, అస్సాంకు 195, కేరళకు 19. తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45.

ఒక జాగ్రత్త. ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు కాన్పులు జరిగే కేరళలో 19 అంటే ఎనభై మంది తల్లులు. అంకె అంత చిన్నదైనప్పుడు ఒక ఏడాది పది మంది పెరిగినా తగ్గినా రేటు గట్టిగా ఊగుతుంది. ఒక్క ఏడాది అంకెను పట్టుకుని గెలిచారనీ ఓడారనీ అనకూడదు. ఐదారేళ్ల వరస చూడాలి.

ఈ లెక్కలు ఎవరు తీస్తారు? నమ్మొచ్చా?

రిజిస్ట్రార్ జనరల్ ఆఫ్ ఇండియా ఆఫీసు తీస్తుంది. పేరు శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్. 1969-70 నుంచి దేశమంతా నడుస్తోంది. 8,800కు పైగా ఊళ్లను, పట్టణాల్లోని బ్లాకులను ఎంచుకుని, వాటిలో ప్రతి పుట్టుకనూ ప్రతి చావునూ రాస్తారు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది రెండుసార్లు లెక్క పెట్టడం. ఆ ఊళ్లోనే ఉండే ఒకరు, చాలాచోట్ల టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో, ఏడాది పొడుగునా రాస్తూ ఉంటారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజరు వచ్చి, ఆ రిజిస్టరు చూడకుండా, ఇంటింటికీ తిరిగి మళ్లీ మొదటినుంచి అడుగుతారు. తర్వాత రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చుతారు. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని పేరుంటే ఆ ఇంటికి మళ్లీ వెళ్తారు. పుట్టి రెండు గంటల్లో పోయిన బిడ్డ గురించి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. అలాంటి పేరు జారిపోకుండా ఆపేది ఈ రెండో చూపే.

రాష్ట్రస్థాయి దాకా ఈ లెక్కను ధైర్యంగా వాడొచ్చు. మండలానికో జిల్లాకో దించడానికి మాత్రం ఆ శాంపిల్ చాలదు.

కేరళ దగ్గర డబ్బుంది, గల్ఫ్ సొమ్ముంది. అందుకే సాధ్యమైంది కదా?

ఇది చాలామంది నమ్మే మాట, కానీ కాలం లెక్క దీనికి సరిపోదు. గల్ఫ్ వలస ఊపందుకున్నది 1970ల మధ్యలో. 1971కే కేరళ శిశు మరణాలు దేశంలో సగం కన్నా తక్కువ. అప్పటికి కేరళ పేద రాష్ట్రం. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1975లో ఐక్యరాజ్యసమితి కోసం చేసిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు వచ్చింది ఇందుకే. ఆదాయం అంత తక్కువ ఉన్న చోట జనం అంతకాలం ఎలా బతుకుతున్నారన్నదే ఆ చర్చ.

వేర్లు చాలా వెనక్కి పోతాయి. ఇప్పటి కేరళ దక్షిణ భాగమైన తిరువాన్కూరు సంస్థానంలో 1817లో రాణి గౌరీ పార్వతీబాయి చదువు ఖర్చు సర్కారే భరించాలని ఆజ్ఞ ఇచ్చింది. 1879లో ప్రభుత్వోద్యోగులకు, విద్యార్థులకు, ఖైదీలకు మశూచి టీకా తప్పనిసరి చేశారు. 1920ల చివర్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో కొంకిపురుగుల మీద సర్వేలు, మరుగుదొడ్ల ప్రచారం నడిచాయి. 1938లో డాక్టర్ మేరీ పున్నన్ లుకోస్ అక్కడ సర్జన్ జనరల్ అయ్యారు. ఒక ఆడమనిషి ఒక సంస్థానపు వైద్యశాఖ మొత్తాన్ని నడపడం మన దేశంలో అదే మొదలు. ఉత్తరాన ఉన్న మలబారు ప్రాంతం బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండి ఇవేవీ అందక వెనకబడింది. కేరళ, ఆంధ్రప్రదేశ్ ఒకే రోజున, 1956 నవంబరు 1న ఏర్పడ్డాయి. కొత్త రాష్ట్రం మలబారులో బళ్లూ ఆస్పత్రులూ పెట్టి ఆ తేడా పూడ్చింది. పాలకులు మారినా ఆ పని ఆగలేదు. దానికి భూసంస్కరణలు, రేషను దుకాణాలు తోడయ్యాయి.

అన్నింటికన్నా పెద్దది ఆడవాళ్ల చదువని నా గట్టి నమ్మకం. 2011లో కేరళ ఆడవాళ్లలో 92 శాతం అక్షరాస్యులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతం. చదువుకున్న తల్లి బిడ్డకు విరేచనాలు మొదలైన రోజే ఓఆర్‌ఎస్ కలుపుతుంది, టీకా కార్డు తానే చదువుకుంటుంది, పీహెచ్‌సీలో డాక్టరు లేకపోతే ఎందుకు లేడని అడుగుతుంది. అలా అడిగేవాళ్లు ఊరినిండా ఉంటే డాక్టరు రాకుండా ఉండలేడు. మన ఆస్పత్రుల్లో దశాబ్దాలుగా మనల్ని చూసుకుంటున్న మలయాళీ నర్సులు కూడా ఆ చదువులోంచి వచ్చినవాళ్లే.

సిజేరియన్లు ఎక్కువ చేస్తే తల్లుల చావులు తగ్గుతాయా?

ఈ ప్రశ్న తెలంగాణ నుంచి ఎక్కువ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, కేరళలో 38.9. తల్లుల చావులు తక్కువ ఉన్నది కేరళలో. మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కేరళ 38.9 కూడా గొప్ప అంకేమీ కాదు.

అక్కడ నిజంగా పనిచేసింది వేరే. 2004 నుంచి కేరళ గైనకాలజిస్టుల సమాఖ్య, ప్రభుత్వం కలిసి ప్రతి తల్లి మరణాన్నీ పేర్లు తీసేసి పరిశీలిస్తున్నాయి. ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు అన్నది బయటికి రాదు, శిక్ష ఉండదు. ఎక్కడ ఆలస్యమైంది, రక్తం ఎంతసేపటికి వచ్చింది, బీపీ ఎప్పుడు చూశారు అన్నదే అడుగుతారు. కాన్పయ్యాక రక్తస్రావం, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఈ రెండే ఎక్కువమందిని పొట్టనపెట్టుకుంటున్నాయని తేలాక, వాటికి తగ్గట్టు లేబర్ రూముల్లో పద్ధతులు మార్చుకున్నారు. తప్పు పట్టుకుంటారన్న భయం ఉన్నచోట కేసు షీట్లలో నిజం రాయరు. మన రాష్ట్రాల్లోనూ మాతృ మరణాల సమీక్షలు జరుగుతాయి. కేరళ నుంచి ఒక్కటే తెచ్చుకోవాలంటే ఆ పేర్లు తీసేసే పద్ధతి తెచ్చుకోవాలంటాను.

ఇప్పుడు కేరళలో జనం దేనివల్ల పోతున్నారు?

గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్, షుగర్‌తో పాడైన కిడ్నీలు. అదే 2019-21 సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి షుగర్ ఎక్కువుంది లేదా మందులు వాడుతున్నారు. బీపీ అయితే మూడో వంతుకు దగ్గర. చిన్నతనంలో పోయే రోగాలను గెలిచిన రాష్ట్రానికి ఇప్పుడు ముప్ఫై ఏళ్లు మోయాల్సిన రోగాలు వచ్చాయి. ఈ రోగాలకు నెలనెలా మందులు, ఆరు నెలలకోసారి పరీక్షలు కావాలి. అందుకోసమే 2017లో ఆర్ద్రం మిషన్ పేరుతో పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, సాయంత్రం దాకా ఓపీ నడపడం మొదలుపెట్టారు. అయినా జనం జేబులోంచి వైద్యానికి పెట్టే ఖర్చు దేశంలో బాగా ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో కేరళ ఒకటి. సర్కారు ఆస్పత్రి బాగున్నా సగానికి పైగా ప్రైవేటుకే వెళ్తారు.

ఆత్మహత్యల మాట దాటవేయకూడదు. 2022లో లక్ష జనాభాకు దేశంలో 12.4 నమోదైతే కేరళలో 28.5, తెలంగాణలో 26.3. అంటే ఇది మన ఇంటి సమస్య కూడా. అప్పులు, తాగుడు, దీర్ఘరోగాలు, ఒంటరితనం, పట్టించుకోని డిప్రెషన్, ఒకటి కాదు కారణం. మాట్లాడితే సాయం దొరుకుతుంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అంత ఆరోగ్యకరమైన రాష్ట్రంలో ప్రతి వానాకాలం జ్వరాలెందుకు?

పెరట్లో బావి, గోడ అవతల పక్కింటి సెప్టిక్ గుంత. ఇదే పైన చెప్పిన కీడు. బావికీ గుంతకూ మధ్య కనీసం 7.5 మీటర్లుండాలని అక్కడి భవన నియమాలు చెబుతాయి. నాలుగైదు సెంట్ల స్థలంలో మన బావికి మన గుంత దూరంగా పెట్టగలం గానీ, పక్కవాళ్ల గుంత ఎక్కడుందో మన చేతిలో ఉండదు. వానలకు భూగర్భ జలం పైకి తేలితే రెండూ కలుస్తాయి. 2024లో మలప్పురం, ఎర్నాకుళం జిల్లాల్లో నీళ్ల ద్వారా పాకే హెపటైటిస్ ఎ వైరస్ వల్ల పచ్చకామెర్లు ప్రబలాయి. ఇక్కడ ఇంకో చిక్కుంది. శుభ్రత పెరిగిన చోట చిన్నప్పుడు ఆ వైరస్ సోకక, పెద్దయ్యాక సోకుతుంది. పెద్దవాళ్లలో అది ఎక్కువ ముదురుతుంది.

వరదనీళ్లలో దిగినవాళ్లకు ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్). 2018 ఆగస్టు వరదలయ్యాక ఇళ్లు శుభ్రం చేసేవాళ్లందరికీ ఆరోగ్యశాఖ డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది. బురదలో పనిచేసేవాళ్లు జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్లెర్రదనం ఉంటే మొదటి రోజే డాక్టరుకు "నీళ్లలో దిగాను" అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారిపోతుంది.

బావిలో బ్లీచింగ్ ఎంత, ఎలా వేయాలి?

మన కోనసీమలో, ఉత్తరాంధ్రలో కూడా పనికొచ్చేదే కాబట్టి వివరంగా రాస్తున్నాను. ముందు నీళ్లెన్నో తెలియాలి. బావి అడ్డం కొలత మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. దాన్ని నీటి లోతుతో, తర్వాత 0.785తో గుణించండి. వచ్చినదాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీరు ఉంటే దాదాపు 9,400 లీటర్లు.

మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. ఈ బావికి సుమారు 24 గ్రాములు. కామెర్లో విరేచనాలో ప్రబలి ఉంటే రెట్టింపు. పొడిని నేరుగా బావిలో చల్లకండి. ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, బకెట్ ముప్పావు వంతు నింపి బాగా తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను చేంతాడుతో బావిలో నీటి లోపలికి దించి నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నాన్ని బావిలో పోస్తే నీటి కాఠిన్యం ఇంకా పెరుగుతుంది. గంట తర్వాత నీళ్లు తోడుకోవచ్చు. రాత్రి పడుకునేముందు వేస్తే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. పొడి పాతదైతే, డబ్బా మూత తీసి ఉంచినదైతే క్లోరిన్ పోయి ఉంటుంది, ఎంత వేసినా దండగ. తాగే నీళ్లు ఎలాగూ కాచుకోవాల్సిందే.

కోవిడ్‌లో కేరళ మరణాలు దాచిందా?

దేశంలో మొదటి కోవిడ్ కేసు 2020 జనవరి 30న త్రిస్సూర్‌లో తేలింది. మొదట్లో కేరళ మరణాలు చాలా తక్కువ చూపింది. దేన్ని కోవిడ్ మరణం అనాలన్నదాని మీద అప్పుడే విమర్శలొచ్చాయి. 2021లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, పాజిటివ్ వచ్చిన 30 రోజుల లోపు పోయినవాళ్లను లెక్కలోకి తీసుకోవాలన్న నియమం వచ్చింది. అప్పుడు కేరళ పాత మరణాలను వేలల్లో జాబితాకు చేర్చింది. మొదటే రాసి ఉండాల్సింది. బంధువులకు రావాల్సిన పరిహారం కూడా దానిమీదే ఆధారపడి ఉంది కదా.

ఇంకోవైపు, 2021 జూన్-జులైలో ఐసీఎంఆర్ రక్తపరీక్షల సర్వేలో కేరళ జనంలో దాదాపు 44 శాతంలోనే యాంటీబాడీలున్నాయి. దేశంలో అది 67 శాతం. అంత ఇరుకు రాష్ట్రంలో వైరస్ సగం మందికి కూడా చేరలేదంటే, వ్యాప్తిని నిజంగానే నెమ్మదింపజేశారు. టీకా వచ్చేదాకా జనాన్ని కాపాడటమే ఆ పద్ధతి. 2018లో కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా వైరస్ వచ్చినప్పుడు ప్రతి రోగి ఎవరెవరిని కలిశాడో వెతికి పట్టుకున్న అనుభవం దీనికి పనికొచ్చింది. ఆ నిపా రోగులకు సేవ చేస్తూ నర్సు లినీ పుతుస్సేరి ప్రాణాలు పోగొట్టుకుంది.

సగటు బాగుంటే అందరూ బాగున్నట్టేనా?

కాదు. పాలక్కాడ్ జిల్లాలోని అట్టప్పాడిలో 2013లో ఆదివాసీ పసివాళ్లు వరసగా చనిపోయారు. రక్తహీనతతో ఉన్న తల్లులు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు. భూములు పోయి, తాము పండించుకున్న రాగులు, సామలు, పప్పులు కంచంలోంచి పోయిన జనం వాళ్లు. రాష్ట్ర సగటులో ఆ పిల్లలు కనపడరు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గూడేల సంగతీ ఆంధ్రప్రదేశ్ శిశు మరణాల సగటు 24లో కనపడదు. రాష్ట్రం అంకె బాగుందని ఎవరైనా చెబితే, అందులో అట్టడుగు మండలం అంకె ఎంతని అడగాలి.

ఈ అంకెలను మోస్తున్నవాళ్ల మాట కూడా. 2025 ఫిబ్రవరిలో కేరళ ఆశా కార్యకర్తలు గౌరవ వేతనం పెంచమని తిరువనంతపురంలో సెక్రటేరియట్ ముందు కూర్చున్నారు. నెలలు గడిచాయి. పసిబిడ్డ బరువు తూచేది, గర్భిణి ఇంటికి నడిచివెళ్లేది వాళ్లే. వాళ్లకు సరిగ్గా ఇవ్వకుండా పేరు మాత్రం రాష్ట్రం తీసుకోవడం న్యాయం కాదు.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో పనికొచ్చేదేమిటి?

కేరళలో ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరు పిల్లల స్థాయి 1988కే వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ మూడింటికీ ఆ అంకె 1.5. అంటే మనమూ అదే దారిలో, కొన్నేళ్ల వెనకగా ఉన్నాం. రాబోయే రోజుల్లో మన మరణాల రేటు పెరుగుతుంది. వైద్యం పాడవకపోయినా పెరుగుతుంది, వయసు పెరుగుతోంది కాబట్టి. అప్పుడు గాభరాపడకుండా, పెద్దవాళ్ల కోసం ఇప్పటినుంచే సిద్ధం కావాలి.

ఇక్కడ కేరళ మంచి దారి చూపింది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలుపెట్టిన నొప్పి నివారణ క్లినిక్ ఊరూరికీ పాకింది. 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది. మంచాన పడ్డ మనిషి ఇంటికి పంచాయతీ తరఫున నర్సు వస్తుంది, పుండు కడుగుతుంది, నొప్పికి మందిస్తుంది, చూసుకుంటున్న కోడలికో కూతురికో పక్క ఎలా మార్చాలో నేర్పుతుంది. ఊళ్లోని కుర్రాళ్లు, రిటైరైనవాళ్లు వాలంటీర్లుగా వెంట వస్తారు. మన దగ్గర ఈ పని కొన్నిచోట్ల మొదలైంది, ఇంకా చాలా దూరం వెళ్లాలి.

మా ఇంట్లో ఎవరైనా పోతే ఎక్కడ, ఎలా రాయించాలి?

21 రోజుల లోపు అయితే డబ్బు కట్టక్కర్లేదు. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రే పంపాలి, పంపారో లేదో మీరు కనుక్కోండి. 30 రోజుల లోపు ఆలస్య రుసుముతో అవుతుంది. ఏడాది లోపు జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో ఆర్డరు ఇవ్వాలి. పింఛను, బీమా, భూమి పేరు మార్పు, అన్నింటికీ ఇది కావాలి కనుక ఆలస్యం చేసుకోవద్దు.

డెత్ సర్టిఫికెట్‌తో పాటు ఇంకో కాగితం ఉంటుంది, మరణ కారణం రాసేది. ఆస్పత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే చివరిసారి చూసిన డాక్టరు ఇచ్చే ఫారం 4ఎ. 2023 సవరణ ప్రకారం దీని కాపీ బంధువులకు ఉచితంగా ఇవ్వాలి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి నాలుగో వంతు కూడా లేవు. కేరళ కూడా ఈ ఒక్క పనిలో వెనకబడే ఉంది.

ఆ కాగితం తీసుకున్నప్పుడు ఒక్కసారి చదవండి. "గుండె ఆగిపోయింది" అని మాత్రమే రాసి ఉంటే అది కారణం కాదు, ఎవరు పోయినా గుండె ఆగుతుంది. మొదటి లైనులో రక్తంలో ఇన్‌ఫెక్షన్, దాని కింద కాలి పుండు కుళ్లడం, దాని కింద పదిహేనేళ్ల షుగర్ అని ఉండాలి. లెక్కలోకి వెళ్లేది ఆ అడుగు లైనే. అది లేకపోతే మీ మండలంలో షుగర్‌తో ఎంతమంది పోతున్నారో జిల్లా ఆరోగ్యశాఖకు తెలిసే దారి లేదు. డాక్టరును మర్యాదగా అడిగి, అడుగు కారణం కూడా రాయించుకోండి.